మీ రంజీ కార్డు ఏదీ, మన్హాస్ గారూ?

భారత క్రికెట్ నియంత్రణ మండలి అధ్యక్షులు
శ్రీ మిథున్ మన్హాస్ గారికి,



మీకు తెలుగు రాదని తెలుసు. మీ ఆఫీసులో తెలుగు చదివేవాళ్ళు ఒకరైనా ఉండకపోతారా అన్న ధీమాతో రాస్తున్నాను. టిక్కెట్ల సంగతో, సెలెక్షన్ల సంగతో, మా రాష్ట్ర సంఘాల తగాదాల సంగతో ఎత్తడానికి కాదు ఈ ఉత్తరం. అట్టముక్కల గురించి. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు, ముందువైపు ఆటగాడి ఫొటో, వెనకవైపు అతని లెక్కలు ఉండే స్పోర్ట్స్ కార్డుల గురించి.

ముందు మీ లెక్కలే చూద్దాం. 157 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు, 9,714 పరుగులు, 27 సెంచరీలు. ఢిల్లీ రంజీ ట్రోఫీ గెలిచిన 2007-08 సీజన్‌లో మీరొక్కరే 921 పరుగులు చేశారు. అయినా ఇండియా టోపీ మీ తలమీదికి రాలేదు. ద్రావిడ్, సచిన్, గంగూలీ, లక్ష్మణ్ వరసగా దిగే రోజుల్లో మిడిలార్డర్‌లో ఖాళీ ఎక్కడిది! అది మీ తప్పు కాదు, సెలెక్టర్ల తప్పూ కాదు. నేనడిగేది వేరు. ఢిల్లీ జట్టు దుస్తుల్లో మీరు, వెనక సీజన్ల వారీగా మీ పరుగులు, ఇలాంటి కార్డు ఈ దేశంలో ఏ పిల్లవాడి పెన్సిలు డబ్బాలోనైనా ఉందా? నాకైతే ఎక్కడా కనబడలేదు.

మీరు అదే స్థాయిలో అమెరికాలో బేస్‌బాల్ ఆడి ఉంటే కథ వేరేగా ఉండేది. అక్కడి టాప్స్ కంపెనీ ప్రతినిధులు కింది స్థాయి లీగుల్లో ఆడే కుర్రాళ్ళ దగ్గరికి కూడా వెళ్ళి, అయిదు డాలర్ల చెక్కు చేతిలో పెట్టి ఒప్పందం రాయించుకునేవాళ్ళు. ఆ అయిదు డాలర్లకు ‘స్టేకు డబ్బులు’ అని ముద్దుపేరు. ఒకపూట మాంసం భోజనానికి సరిపడే సొమ్మన్నమాట. ఆ కుర్రాడు ఎప్పుడో పెద్ద జట్టులోకి వస్తే అప్పుడు కార్డు వేస్తారు. వందల మందితో సంతకాలు పెట్టిస్తే ఏ కొందరో పైకొస్తారు. ఎవరు పైకొస్తారో ముందే తెలియదు కాబట్టి అందరినీ పలకరించాల్సి వచ్చేది. నాకు ఆ వ్యాపారంలో నచ్చింది ఈ అవసరమే.

ఆ పనంతా నడిపినవాడు సై బెర్గర్. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చి టాప్స్‌లో చేరాడు. టాప్స్ అప్పటికి బబుల్ గమ్ అమ్ముకునే కంపెనీ. గమ్ము అమ్ముడుపోవడానికి లోపల ఏదో ఒకటి పెట్టాలి. 1951 చివర్లో బ్రూక్లిన్‌లో తన ఇంటి వంటగది బల్లమీద అట్ట, కత్తెర పెట్టుకుని బెర్గర్ కార్డు నమూనా తయారుచేశాడు. ముందువైపు రంగుల బొమ్మ, జట్టు గుర్తు, ఆటగాడి సంతకం. వెనకవైపు పుట్టిన ఊరు, ఎత్తు, బరువు, కిందటి ఏడాది లెక్కలు, మొత్తం ఆటజీవితపు లెక్కలు, రెండు మూడు వాక్యాల కథ. 1952 సెట్టులో 407 కార్డులు. ఇవాళ్టికీ ప్రపంచంలో ఏ ఆటకు కార్డు వేసినా ఆ అచ్చులోనే వేస్తున్నారు.

ఆ 407లో చివరి విడత బజారులోకి వచ్చేసరికి బేస్‌బాల్ సీజన్ అయిపోవచ్చింది. పిల్లల మనసు ఫుట్‌బాల్ మీదికి మళ్ళింది. సరుకు మిగిలిపోయింది. ఎనిమిదేళ్ళపాటు గోదాములో పడి ఉన్న ఆ పెట్టెల్ని 1960లో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని బెర్గరే తర్వాత చెప్పాడు. అలా మునిగినవాటిలో 311వ నంబరు మిక్కీ మాంటిల్ కార్డులూ ఉన్నాయి. మునగకుండా మిగిలినవాటిలో మచ్చపడని ఒకటి 2022 ఆగస్టులో వేలంలో 1.26 కోట్ల డాలర్లకు పోయింది. అప్పటి మారకంలో సుమారు వంద కోట్ల రూపాయలు. పత్రికలు రాసేది ఈ ఒక్క సంగతే. చదివినవాళ్ళకు కార్డులంటే షేర్లలాంటి పెట్టుబడి కాబోలు అనిపిస్తుంది. మిగిలిన 406 కార్డుల సంగతి ఎవరూ రాయరు.

ఆ 406 లేకపోతే కార్డుల సరదా లేదని నేనంటాను. సేకరించేవాళ్ళ భాషలో వాటిని ‘కామన్లు’ అంటారు. గొప్ప పేరులేని షార్ట్‌స్టాపులు, మూడో పిచ్చర్లు, రెండు సీజన్లు ఆడి ఇంటికెళ్ళిపోయినవాళ్ళు. 1969 టాప్స్ సెట్టులో కాలిఫోర్నియా ఏంజెల్స్ ఆటగాడు ఔరేలియో రోడ్రిగెజ్ కార్డు ఒకటుంది. మెక్సికో నుంచి వచ్చినవాడు, మూడో బేస్ దగ్గర నిలబడేవాడు. కార్డు చేతిలోకి తీసుకుంటే ఒక పాలబుగ్గల కుర్రాడు బ్యాటు పట్టుకుని ఫొటోకు నిలబడి ఉంటాడు. కింద రోడ్రిగెజ్ పేరు, వెనక రోడ్రిగెజ్ లెక్కలు. ఫొటో మాత్రం అతనిది కాదు. అది జట్టుకు బ్యాట్లు అందించే కుర్రాడిది. ఫొటోగ్రాఫరు పొరబడ్డాడు, కంపెనీ అచ్చేసేసింది. అసలు రోడ్రిగెజ్ 17 సీజన్లు పెద్ద లీగులో ఆడాడు, 1976లో ఫీల్డింగుకు గోల్డ్ గ్లవ్ అందుకున్నాడు. బ్యాటింగు అంతంతమాత్రం. ఆ కార్డు లేకపోతే, బేస్‌బాల్ బంతిని ఎన్నడూ ముట్టుకోని నాలాంటివాడికి అతని పేరు తెలిసే అవకాశమే లేదు. అర్ధశతాబ్దం దాటిన తర్వాత, వేల మైళ్ళ అవతల, ఒక మామూలు ఆటగాడి గురించి నేను మీకు చెప్పగలుగుతున్నానంటే అదంతా అట్టముక్క చలవే.

ఇప్పుడు మనవాళ్ళ దగ్గరికి రండి. హర్యానా ఎడమచేతి స్పిన్నర్ రాజిందర్ గోయల్ రంజీలో 637 వికెట్లు తీశారు. ఒక్క టెస్టు ఆడలేదు. బొంబాయి పద్మాకర్ శివాల్కర్‌దీ అదే కథ. 589 ఫస్ట్ క్లాస్ వికెట్లు తీసినా టెస్టు పిలుపు రాలేదు. ఇద్దరూ భారత జట్టు ఎడమచేతి స్పిన్నర్ బిషన్ బేడీ కాలంలో పుట్టడమే చేసుకున్న పాపం. గావస్కర్ తన ‘ఐడల్స్’ పుస్తకంలో ఇద్దరికీ చోటిచ్చారు. మీ మండలే 2017లో ఇద్దరికీ సి.కె. నాయుడు జీవన సాఫల్య పురస్కారం ఇచ్చింది. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు, మరునాడు పేపర్లో ఒక ఫొటో. గోయల్ 2020లో, శివాల్కర్ 2025లో కన్నుమూశారు. వాళ్ళ ముఖాలు గుర్తుపట్టే పదేళ్ళ పిల్లలు దేశంలో ఎంతమంది ఉంటారు? మా హైదరాబాదులో కన్వల్‌జీత్ సింగ్ ఆఫ్ స్పిన్ వేస్తుంటే ఎదుటి జట్టు బ్యాటర్లు ముందుకు రావాలో వెనక్కు పోవాలో తేల్చుకోలేకపోయేవారు. ఆయనకూ ఇండియా పిలుపు రాలేదు. 1986-87లో హైదరాబాదుకు రంజీ ట్రోఫీ తెచ్చిన కెప్టెన్ ఎం.వి. నరసింహారావు. ఈ ఊళ్ళో క్రికెట్ కోచింగుకు పోతున్న పిల్లల్ని ఆయన పేరడిగి చూడండి.

పిల్లలకు ఆసక్తి లేక కాదు. చూసే వీలు లేదు. రంజీ మ్యాచ్‌కు స్టేడియం గేట్లు బార్లా తెరిచినా లోపల నలభై మంది ఉండరు. స్కోరు కార్డు ఫోన్లో ఉంటుంది, నిజమే. కానీ ఫోన్లో ఉన్నది వెతికితేగాని కనబడదు, వెతకాలంటే ముందు పేరు తెలియాలి. కార్డుకు ఆ బెడద లేదు. ప్యాకెట్టు చించగానే, నువ్వు అడగని మనిషి వచ్చి నీ చేతిలో పడతాడు. వీడెవడ్రా అనుకుంటూ వెనక్కు తిప్పుతావు. కోహ్లీ కోసం కొన్న ప్యాకెట్టులో కన్వల్‌జీత్ దొరుకుతాడు. ఆ తిప్పి చూడటంలోనే ఆట చరిత్ర పిల్లల బుర్రలోకి ఎక్కుతుంది. పాఠమని చెబితే ఎక్కదు.

మా తరం దీనికి సాక్ష్యం. తొంభైలలో తెలుగు ఊళ్ళల్లో పెరిగిన మగపిల్లల్ని ఎవర్నైనా కదిలించండి, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డుల గురించి గంటసేపు చెబుతారు. కిరాణా కొట్టులో గొలుసులా వేలాడేవి. అచ్చుతప్పుల పేర్లు, మసకబారిన బొమ్మలు, ఎక్కడ ముద్రించారో ఎవరికీ తెలియదు. చెరిసగం పంచుకుని పైకార్డు చూసి ర్యాంకు, హైటు, వెయిటు, చెస్టు, బైసెప్స్, వీటిలో ఏదో ఒకటి పిలవాలి. ఎక్కువున్నవాడికి కార్డు. యోకొజునా వచ్చాడా, కళ్ళు మూసుకుని వెయిటు పిలిచేయొచ్చు. జెయింట్ గొంజాలెజ్ వస్తే హైటు. అమెరికా ఎక్కడుందో మ్యాపులో చూపించలేని పిల్లలకు అక్కడి మల్లయోధుల ఛాతీ కొలతలు నోటికి వచ్చేవి. ఎక్కాలు రావడం లేదని తన్నులు తిన్నవాళ్ళే అంకెల్ని అంత ఇష్టంగా కంఠతా పట్టారు. అంతకుముందు బిగ్ ఫన్ బబుల్ గమ్‌లో క్రికెటర్ల బొమ్మలు వచ్చేవి, వాటిమీద రన్లూ వికెట్లూ ఉండేవి. ఇంకా వెనక్కు వెళ్తే అగ్గిపెట్టెల బొమ్మలు, ఖాళీ సిగరెట్టు పెట్టెల అట్టలు. హైదరాబాదులోనే తయారయ్యే చార్మినార్ పెట్టె వీధి వీధినా దొరికేది కాబట్టి దానికి విలువ తక్కువ, ఎవరో పట్నం నుంచి తెచ్చిన విదేశీ పెట్టెకు విలువ ఎక్కువ. అర్థశాస్త్రం మాకు ఎవరూ చెప్పలేదు, వీధిలో తెలిసింది.

ఐపీఎల్ వచ్చాక టాప్స్ వాళ్ళే క్రికెట్ అటాక్స్ పేరుతో కార్డులు తెచ్చారు, పిల్లలు బాగానే ఆడుకున్నారు. టీవీలో రోజూ కనబడే ముఖాలే మళ్ళీ అట్టమీద. రంజీవాడికి అక్కడా చోటులేదు.

మార్పిడి సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే. “నాకిది డబుల్ ఉంది, నీ దగ్గరున్నది ఇస్తావా?” అన్న మాట లేకుండా కార్డులు లేవు. దీని వెనక చక్కటి లెక్క ఉంది. వంద కార్డుల సెట్టు అనుకోండి. అన్నీ సమానంగా ముద్రించారు, ఒక్కొక్కటీ చూడకుండా కొంటున్నారు. మొదటి యాభై రకాలు రావడానికి సగటున 69 కార్డులు కొంటే చాలు. పిల్లవాడికి ఉత్సాహం ఆగదు, ఇంకేముంది అయిపోయింది అనుకుంటాడు. కానీ వందా పూర్తికావాలంటే సగటున 519 కొనాలి. చిట్టచివరి ఒక్క కార్డు కోసమే సగటున వంద కొనాలి. కొనుక్కుంటూ పోతే ఏ తండ్రి జేబూ తట్టుకోదు. అదే పదిమంది పిల్లలు చేరి డబుల్సు మార్చుకుంటూ పోతే తలా కొనాల్సినవి అందులో సగం కూడా ఉండవు. ఒంటరిగా పూర్తిచేయడం ఖరీదు, నలుగురితో కలిస్తే చవక. స్నేహం చేయక తప్పని పరిస్థితి అట్టముక్కల లెక్కలోనే ఉంది. పక్క వీధివాడితో మాటల్లేవు కానీ వాడి దగ్గర అంబటి రాయుడు ఉన్నాడు, ఏం చేస్తావు? వెళ్ళి మాట్లాడాలి.

ఈ లెక్కనే వక్రంగా వాడుకోవచ్చు, అమెరికాలో వాడుకుంటున్నారు. అందుకే మీకిది ముందే చెప్పాలి. హోనస్ వాగ్నర్ అనే మహా ఆటగాడి కార్డు 1909లో ఒక సిగరెట్టు కంపెనీ వేస్తే ఆయన ఒప్పుకోలేదు, ముద్రణ ఆపేశారు. అరవైకి మించి మిగలలేదని అంచనా. ఆ కొరత అనుకోకుండా వచ్చింది. ఇప్పటి కొరత పనిగట్టుకుని తయారుచేసింది. లోకంలో ఒక్కటే ఉండేలా ముద్రించి, ఎన్నో వేల ప్యాకెట్లలో ఒకదాంట్లో దాచిపెడతారు. 2024 క్రిస్మస్‌కు లాస్ ఏంజెలెస్‌లో పదకొండేళ్ళ పిల్లవాడికి పాల్ స్కీన్స్ అనే కొత్త పిచ్చర్ కార్డు అలా దొరికింది. స్కీన్స్ జట్టు ఆ కార్డిస్తే ముప్పై ఏళ్ళపాటు సీజన్ టిక్కెట్లు ఇస్తామంది. కుటుంబం వద్దంది. వేలంలో 11 లక్షల డాలర్లు పలికింది. ఆ పిల్లవాడి అదృష్టానికి సంతోషమే. కానీ ఆ రోజు నుంచి ప్యాకెట్టు చించిన ప్రతి పిల్లవాడికీ చేతిలో పడ్డ మిగతావాళ్ళంతా చెత్తకింద లెక్క. దాన్ని నేను లాటరీ అంటాను. కామన్లను చూసి మొహం చిట్లించడం నేర్పితే కార్డు పరువు పోయినట్టే. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో అక్కడి పెద్దవాళ్ళు పిల్లల చదువుకు పనికొస్తాయని పెట్టెలకు పెట్టెలు కొని దాచారు. కంపెనీలు కుప్పలుతెప్పలుగా ముద్రించాయి. ఆ పెట్టెల్ని ఇవాళ ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు లేరు.

డబ్బు మాట పక్కనపెట్టి సేకరించినవాడు ఎలా ఉంటాడో చూడాలంటే జెఫర్సన్ బర్డిక్‌ను చూడాలి. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ ఊళ్ళో విద్యుత్ పరికరాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పెళ్ళి లేదు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు తిరిగిపోయాయి. సిగరెట్టు కార్డులు, బేస్‌బాల్ కార్డులు, పోస్టు కార్డులు, అన్నీ కలిపి మూడు లక్షలకు పైగా పోగేసి న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చేశాడు. ఇచ్చి ఊరుకోలేదు. ఏళ్ళ తరబడి మ్యూజియంలో కూర్చుని ఆ వంకర వేళ్ళతోనే ఒక్కొక్కటీ ఆల్బమ్‌లో అతికించాడు. 1963 జనవరిలో ఆ పని ముగించాడు, రెండు నెలల్లో పోయాడు. అతను తయారుచేసిన కేటలాగు నంబర్లే ఈరోజుకీ ప్రమాణం. ఒకప్పుడు ఆ కేటలాగులో వాగ్నర్ కార్డు ధర యాభై డాలర్లు. బర్డిక్ దృష్టిలో వాగ్నరూ ఒక కార్డే, పక్కనున్న ఊరూపేరూ లేని పిచ్చరూ ఒక కార్డే.

నేనడిగేది ఇదీ. రంజీలో 38 జట్లు ఆడుతున్నాయి. జట్టుకు పదిహేను మంది చొప్పున 570 కార్డులు. 1909-11లో అమెరికా సిగరెట్టు కంపెనీ వేసిన టి206 సెట్టులోనే 520 పైచిలుకు ఉన్నాయి. నూట పదిహేనేళ్ళ కిందట వాళ్ళకు చేతనైంది, అయిదేళ్ళ ఐపీఎల్ ప్రసార హక్కుల్ని 48,390 కోట్లకు అమ్మిన మీ మండలికి చేతకాదంటే నమ్మను. పది రూపాయలకు అయిదు కార్డులు. అన్నీ సమానంగా ముద్రించండి. బంగారు పూతలు వద్దు, ‘ఒకే ఒక్కటి’ అనే దొంగాట వద్దు. పదిహేను మందీ ఒకేసారి కావాలన్నవాడికి జట్టు మొత్తం ఒక కవరులో పెట్టి స్టేడియం గేటు దగ్గర అమ్మండి. కవరు చించితే నలుగురు పిల్లలు లోపలికొచ్చి మ్యాచ్ చూస్తారు. వెనకవైపు రాతలు ఆయా రాష్ట్ర భాషలో ఉండాలి. ఆంధ్ర, హైదరాబాదు జట్లకు తెలుగులో. లక్ష్మణ్ పాత కార్డు ఒకటి వేస్తే 1999-2000 వరస దగ్గర 1,415 పరుగులని పిల్లలు తెలుగులో చదువుకోవాలి. ఒక్క రంజీ సీజన్లో అన్ని పరుగులు ఇంకెవరూ చేయలేదు.

ఆడపిల్లల కార్డులు విడిగా ‘ప్రత్యేక సంచిక’ అని వేయకండి. అదే ప్యాకెట్టులో కలపండి. కడప జిల్లా పల్లెటూరి నుంచి వెళ్ళిన శ్రీచరణి 2025 ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసింది. దేశవాళీ మ్యాచుల్లో ఆమె ముఖం ఎంతమంది చూశారు? ఆమె తర్వాత రాబోయే పిల్ల ఇప్పుడు ఆంధ్ర అండర్-19లో ఎక్కడో బౌలింగు వేస్తూ ఉంటుంది. ఆమె కార్డు ఇప్పుడే రావాలి, ప్రపంచకప్పు గెలిచాక కాదు.

ఇక డబ్బు. అరవైలలో అమెరికా ఆటగాళ్ళకు టాప్స్ ఇచ్చేది ఏడాదికి 125 డాలర్లే. ఆటగాళ్ళ సంఘం నాయకుడు మార్విన్ మిల్లర్ కార్డుల ఫొటోలకు నిలబడవద్దని చెప్పి, 1968లో దాన్ని 250 డాలర్లు చేయించాడు. అమ్మకాల మీద 8 శాతం రాయల్టీ అదనం. ఆ సొమ్ముతోనే సంఘం బలపడింది. మన దగ్గర ప్రస్తుతం ఆడుతున్నవాళ్ళకు సంఘమే లేదు. 2019లో పెట్టింది రిటైరైనవాళ్ళ కోసం. కాబట్టి మిల్లర్ పని మీరే చేయాలి. కార్డు మీద వచ్చే రాయల్టీ ఆ కార్డులో ఉన్నవాడికి, ఐపీఎల్ కాంట్రాక్టు లేని రంజీ ఆటగాడికి నేరుగా అందేలా రాయించండి. పెద్ద మొత్తం రాకపోవచ్చు. సీజను చివర ఖాతాలో పడే ఆ కొద్దిపాటి సొమ్ము అతని ముఖం చూపించి సంపాదించింది, అతనికే చెందాలి.

మీకు ముందు ఈ కుర్చీలో టెస్టు క్రికెటర్లు కూర్చున్నారు, వ్యాపారులు కూర్చున్నారు, రాజకీయ నాయకులు కూర్చున్నారు. వాళ్ళను ఈ మాట అడగాలని నాకు తోచలేదు. మీరు రంజీ మనిషి. ఖాళీ స్టాండ్ల ముందు సెంచరీ కొడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. వచ్చే రంజీ సీజను మొదటి మ్యాచ్ నాటికి మొదటి ప్యాకెట్టు దుకాణాల్లోకి రావాలని కోరుతున్నాను. అన్ని జట్లకూ ఒకేసారి కుదరకపోతే నాలుగు జట్లతో మొదలుపెట్టండి. ఆ నాలుగింటిలో ఆంధ్ర, హైదరాబాదు ఉంటే డబ్బాల కొద్దీ కొనడానికి మేమున్నాం.

ఇట్లు,
హైదరాబాదు నుంచి ఒక రంజీ ప్రేక్షకుడు